పాసుకాని పరుపులు

మా మామయ్య నిద్రపోతేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఎగతాళికి అనడం లేదు, మా వ్యాపారమే అది. ఆయన పరుపులు కుడతారు. కుట్టిన ప్రతి పరుపునూ దుకాణం వెనక గదిలో, కిటికీ పక్కనున్న బల్ల మీద పరిచి, చెప్పులు విడిచి, ముందు తనే దాని మీద పడుకుంటారు. చేతులు గుండెల మీద పెట్టుకుని, "ప్రభువా, దీని మీద పడుకోబోయేది ఎవరో నాకు తెలీదు, నీకు తెలుసు. వాళ్ళకి మంచి నిద్ర ఇయ్యి" అని ప్రార్థన మొదలుపెడతారు. ఆమెన్ దాకా వెళ్ళగా ఎవరూ వినలేదు. మధ్యలోనే గురక అందుకుంటుంది. గురక వచ్చిందంటే పరుపు పాసయినట్టు. అప్పుడు అత్తయ్య వచ్చి ఆ పరుపు మూల ఎర్రదారంతో ఒక కుట్టు వేస్తారు. ఎర్రకుట్టు లేని పరుపు మా గడప దాటదు. పెద్ద పెద్ద కంపెనీల పరుపులు కాదనుకుని జనం మా సందులోకి వెతుక్కుంటూ వచ్చేది ఆ కుట్టు కోసమే.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వానాకాలం సంగతి ఇది.

మా పుట్టింట్లో భయం తరతరాల ఆస్తి. ఉరిమితే చాలు, మా నాన్న ఇంట్లో ఉన్న మీటలన్నీ కట్టేస్తారు. మా అమ్మ అద్దాలకి దుప్పట్లు కప్పుతుంది. మా నాయనమ్మ అందరినీ పేరుపేరునా పిలిచి, పలికిందాకా ఊరుకోదు. అలాంటి ఇంటినుంచి వచ్చి చూద్దును కదా, ఇక్కడ మిన్ను విరిగి మీదపడ్డా మామయ్య రెండో వైపుకి ఒత్తిగిల్లుతారంతే.

ఆ ఏడు మొదటి గాలివాన మధ్యాహ్నం పూట వచ్చింది. వెనక గది మీది రేకు ఒకటి మేకులతో సహా లేచి ఎగిరిపోయింది. నేను గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తాను.

"మామయ్యా! లేవండి! రేకు లేచిపోయింది!"

మామయ్య ఒక కన్ను తెరిచారు. "ఎటు పోయింది?"

"ఎదురింటి పెరట్లోకి!"

"అయితే దొరుకుతుందిలే" అని ఆ కన్ను కూడా మూసేశారు.

"పైనుంచి నీళ్ళు కారుతున్నాయి మామయ్యా, మీ కాళ్ళ మీదే పడుతున్నాయి!"

ఆయన కాళ్ళు ముడుచుకున్నారు. నేను కదలకుండా అక్కడే నిలబడేసరికి ఇక తప్పదనుకుని లేచి కూర్చున్నారు. "అమ్మాయ్, సముద్రం మీద తుఫాను లేచినప్పుడు పడవలో ప్రభువు ఏం చేశాడు?"

"గాలిని గద్దించాడు."

"అంతకు ముందు?"

"నిద్రపోయాడు" అన్నాను పళ్ళు కొరుక్కుంటూ.

"దేని మీద?"

నాకు తెలియలేదు.

"తలగడ మీద!" అన్నారు మామయ్య, ఏదో నిధి బయటపెట్టినట్టు. "బైబిల్లో అంత తుఫాను గురించి చెబుతూ తలగడ సంగతి మర్చిపోకుండా రాశారమ్మా. మన వృత్తిని ఆయన అక్కడే దీవించాడు. గాలికి యజమాని ఆయన. యజమాని మేలుకుని ఉన్నప్పుడు పనివాడు కూడా మేలుకుని ఏం సాధిస్తాడు?"

"గాలికి యజమాని ఆయనే మామయ్యా, కాదనను. రేకుకి యజమాని మాత్రం మీరు."

గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి ఆ రేకు మోసుకొచ్చింది నేనూ మా ఆయనా. వానలో, రోడ్డుకి అడ్డంగా, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ.

మా చర్చి సంఘంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా మామయ్య దగ్గరికి వచ్చేవారు. ఉద్యోగం ఊడినవాళ్ళు, పిల్లాడికి జ్వరం తగ్గనివాళ్ళు, అన్నదమ్ములతో పడనివాళ్ళు. ఆయన దగ్గర ఉన్న మందు ఒక్కటే. "వెళ్ళి హాయిగా పడుకో. ఆయన మేలుకునే ఉన్నాడుగా." చిత్రమేమంటే చాలామందికి ఆ మాట పనిచేసేది. కొందరు పోతూపోతూ పరుపు కూడా కొనుక్కుపోయేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఈ మనిషికి ఒక్కసారైనా కాలూ చెయ్యీ ఆడకపోతే చూడాలని ఉండేది. చూశాను.

ఆ రోజుల్లోనే ఆడపిల్లల హాస్టలు ఒకటి నలభై పరుపులకి ఆర్డరు ఇచ్చింది. మాకు అంత పెద్ద ఆర్డరు అంతకుముందు రాలేదు. దసరా సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చేలోపు ఇవ్వాలని వార్డెనమ్మ గట్టిగా చెప్పింది. ఆ వారమే అత్తయ్యకి కడుపునొప్పి ఎక్కువై డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం.

గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. పెద్దదేనట, ఆపరేషను చేసి తియ్యాలట. అది మంచిదో చెడ్డదో తీశాకగానీ చెప్పలేమన్నారు. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది కాబట్టి మాత్రలు వాడి, అది పెరిగాకే ఆపరేషను. అందాకా ఆగాలి.

"ప్రభువు చిత్తం డాక్టరమ్మగారూ! మాకేం భయం లేదు!" అన్నారు మామయ్య. బయట వరసలో కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూసేంత గట్టిగా అన్నారు.

ఇంటికొచ్చి చూసుకుంటే ఆయన కాళ్ళకి ఒక్క చెప్పే ఉంది. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియదు. "వానకి కొట్టుకుపోయుంటుందిలే" అన్నారు. ఆ రోజు వాన లేదు.

మర్నాడు హాస్టలు పరుపుల్లో మొదటిది సిద్ధమైంది. మామయ్య వెనక గదిలోకి వెళ్ళారు. ప్రార్థన వినిపించింది. అత్తయ్య సూదిలో ఎర్రదారం ఎక్కించుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. గురక రాలేదు. ఇంకాసేపు చూశాం. రాలేదు. చివరికి మామయ్యే బయటికి వచ్చి, "దూది బాగాలేదు" అన్నారు.

దూది బాగాలేకపోవడం ఆ ఇంట్లో చిన్న మాట కాదు. పరుపు కుట్లు విప్పి, దూదంతా తీసి, మళ్ళీ ఏకి, మళ్ళీ నింపి, దబ్బనంతో మళ్ళీ కుట్టాం. మామయ్య మళ్ళీ పడుకున్నారు. మళ్ళీ లేచి వచ్చారు. "ఇప్పుడు గుడ్డ బిరుసుగా ఉంది" అన్నారు. గుడ్డ మార్చాం. "కుట్లు ఎడంగా పడ్డాయి." దగ్గరగా వేశాం. "కిటికీలోంచి గాలి వస్తోంది." కిటికీ మూశాం. "గాలి ఆడట్లేదు" అన్నారు.

అలా ఒక్కో పరుపూ పాసుకాకుండా గోడకి చేరింది. బయట ముసురు. దూదికి తేమంటే పడదు కాబట్టి గదిలో కుంపటి. ఆ పొగలో, ఆ వేడిలో, విప్పడం, ఏకడం, కుట్టడం. నా జుట్టులో దూది, కనుబొమల మీద దూది, అన్నంలో దూది. తుమ్మితే దూది. అద్దంలో చూసుకుంటే మా నాయనమ్మ కనిపించేది.

వార్డెనమ్మ ఫోను చేసింది. "ఏమండీ, పరుపులు ఎక్కడిదాకా వచ్చాయి?"

"కుట్టడం అయిపోయింది మేడమ్."

"మరి పంపించరేం?"

"మా మామయ్యకి నిద్ర పట్టాలి మేడమ్."

"ఆయనకి నిద్ర పట్టడానికీ నా పరుపులకీ ఏమిటమ్మా సంబంధం?"

అది ఫోనులో విడమరిచి చెప్పే సంగతి కాదు. నేను ప్రయత్నించాను. ఆవిడ పెట్టేసింది.

ఇలా కాదని నేనే ఒక ఉపాయం చెప్పాను. మామయ్యకి బదులు ఇంకెవరైనా పడుకోవచ్చు కదా! ముందు మా ఆయన్ని పడుకోబెట్టాం. మా ఆయన నడుం వాల్చేలోపే నిద్రపోయారు.

"వీడి నిద్ర చెల్లదు" అన్నారు మామయ్య. "వీడు ముళ్ళకంప మీదైనా పడుకుంటాడు."

పాస్టరుగారిని పిలిచాం. ఆయన మొహమాటపడుతూ పడుకుని, మేం పెట్టిన టీ చల్లారి మీగడ కట్టేదాకా లేవలేదు. ఆయన వెళ్ళాక మామయ్య తల అడ్డంగా ఊపారు. "పాస్టరుగారంటే నాకు గౌరవం. కానీ వారంలో ఆయన ఎన్ని ఇళ్ళు తిరుగుతాడు పాపం! అది పరుపు గొప్పతనం కాదు, అలసట."

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా మామయ్యా!"

"ఆ సామెత కట్టినవాడు పరుపులు అమ్మి ఉండడు" అన్నారాయన.

నాకు చిర్రెత్తుకొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడయ్యేలా పెట్టాను. అత్తయ్య పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అత్తయ్యా. ఎన్నిసార్లని ఏకుతాం? ఇంకా ఏకితే ఆ దూది లేచి పారిపోతుంది. దానికేమైందని?"

"దానికేం కాలేదు" అన్నారు అత్తయ్య, తల ఎత్తకుండానే. "డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చిన రోజునుంచీ మీ మామయ్య కన్ను మూయలేదు."

"అదేమిటి? రాత్రిళ్ళు గురక వినిపిస్తూనే ఉందిగా! మా గది గోడ కూడా అదురుతోంది."

"అది దొంగ గురకే పిచ్చిపిల్లా."

నేను నోరు తెరిచాను.

"ముప్పై ఏళ్ళనుంచి వింటున్నాను. అసలు గురక పైకి ఎక్కేటప్పుడు ఈల వేస్తుంది. ఈమధ్య దిగేటప్పుడు వేస్తోంది. పైగా అసలుదానికి తాళం ఉండదు. ఇది గడియారంలాగా వస్తోంది. పాపం, చాలా శ్రద్ధగా పెడుతున్నారు."

"మరి మీరు అడగలేదా?"

"ఎలా అడగను? ఊరందరికీ పడుకోండని చెప్పిన మనిషి. నాకు ధైర్యంగా ఉండాలని గొంతు ఎండిపోయేలా గురక పెడుతుంటే, బాగా రావట్లేదండీ అని ఎలా చెప్పను?" అత్తయ్య వంకాయ ముక్కలు నీళ్ళలో వేశారు. "వింటూ వింటూ నేను నిద్రపోతాను. దొంగదైనా అలవాటైన చప్పుడేగా."

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆవిడ పక్కన కూర్చున్నాను. "మీకు భయం లేదా అత్తయ్యా?"

"ఎందుకుండదు? ఉంది. పొద్దున లేవగానే కాసేపు భయపడతాను. అంతా ప్రభువుకే చెప్పేస్తాను. తర్వాత పాలవాడు వస్తాడు, కూర తరగాలి, మీ ఆయనకి చొక్కా గుండీ కుట్టాలి. భయపడుతూ కూర్చుంటే నడుస్తుందా? నా బతుకు ఆయన చేతిలోది. నా చేతిలో ఉన్నది ఈ కత్తిపీట. ఎవరి పని వాళ్ళు చెయ్యాలి."

అదే ఊపులో నేను వెనక గదికి వెళ్ళాను. ఇవాళ మొహం మీదే చెప్పేద్దామని. మామయ్య నేల మీద కూర్చుని, అప్పటికి మూడుసార్లు కుట్టిన పరుపునే మళ్ళీ విప్పుతున్నారు. కళ్ళ కింద నల్లగా, గుంటలు పడి ఉన్నాయి. నన్ను చూసి గుప్పెడు దూది తీసి చూపించారు.

"చూడమ్మాయ్, ఎలా ముద్ద కడుతోందో."

ఆ దూది అంత తెల్లగా, అంత తేలిగ్గా ఉంది. ఊదితే ఎగిరిపోయేలా ఉంది.

"అవును మామయ్యా, ముద్ద కడుతోంది" అన్నాను. ఆయన ఎదురుగా కూర్చుని నేనూ దూది విడదీయడం మొదలుపెట్టాను. చీకటి పడేదాకా ఇద్దరం అదే పనిలో ఉన్నాం.

ఆపరేషను రోజు తెల్లవారేసరికి ఆకాశానికి చిల్లు పడింది. సందులో మోకాలి లోతు నీళ్ళు. ఆస్పత్రి బండికి ఫోను చేస్తే, మీ వీధిలోకి రాలేమన్నారు. మిగిలింది మా పరుపుల వ్యాను ఒక్కటే. దాని వెనకంతా పరుపులు నింపి ఉన్నాయి. ఆ రోజుకి అందకపోతే ఆర్డరు రద్దు చేస్తానని వార్డెనమ్మ ఆఖరిమాట చెప్పేసరికి, మా ఆయన మామయ్యకి తెలియకుండా ముందురోజే అన్నీ ఎక్కించేశారు. దింపడానికి వేళ లేదు. దింపినా ఎక్కడ పెడతాం? అత్తయ్యేమో నొప్పితో వంగి ముందు సీట్లో కూర్చోలేనన్నారు.

అందుకని ఆవిడని వెనక, పరుపుల మీదే పడుకోబెట్టాం. పైన టార్పాలిన్ కట్టి ఉంది. పక్కన నేనూ మామయ్యా ఎక్కాం. ఎక్కీ ఎక్కగానే ఆయన చెయ్యి అలవాటుగా పరుపు మూలకి వెళ్ళింది.

"ఎర్రకుట్టు లేదు! ఒరేయ్! ఇవి పాసు కాలేదురా! ఎక్కడికి తీసుకెళ్తున్నావు వీటిని?"

"ముందు అమ్మని తీసుకెళ్తున్నాను నాన్నా" అని ముందునుంచి మా ఆయన అరిచారు. వ్యాను కదిలింది.

పెద్దరోడ్డు పల్లం దగ్గరికి వచ్చేసరికి ఏది రోడ్డో ఏది కాలవో తెలియలేదు. వ్యాను అటూ ఇటూ ఊగింది. చక్రాలు మునిగాయి. ఇంజను దగ్గి, మరోసారి దగ్గి, ఆగిపోయింది. గాలికి టార్పాలిన్ ఒక పక్క తాడు తెగి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నీళ్ళు లోపలికి కొడుతున్నాయి. నాలో మా నాయనమ్మ మేలుకుంది. "ఏవండీ! ఉన్నారా? మామయ్యా! అత్తయ్యా!" అని ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టాను. మా ఆయన పలికారు. మామయ్య పలికారు. అత్తయ్య పలకలేదు.

మామయ్య మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి చూశారు. అత్తయ్య ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని, సుఖంగా నిద్రపోతున్నారు.

"ఏమే! ఏమే, లే!"

అత్తయ్య కళ్ళు నులుముకున్నారు. "ఏమైందండీ? ఆస్పత్రి వచ్చిందా?"

"ఆస్పత్రా? నడిరోడ్డు మీద నీళ్ళలో ఉన్నాం! బండి ఆగిపోయింది! మునిగిపోయేలా ఉన్నాం, నీకు చీమ కుట్టినట్టయినా లేదా?"

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూశారు. "అయితే ఏం చెయ్యమంటారు? నన్ను లేచి గాలిని గద్దించమంటారా?"

నాకు నవ్వు ఆగలేదు. చావు భయంతో ఏడుస్తున్నదాన్ని, ఏడుస్తూనే పడీపడీ నవ్వాను. మామయ్య కూడా నవ్వబోయారు. సగంలోనే ఆయన మొహం నలిగిపోయింది.

"నాకు నిద్ర పట్టట్లేదే" అన్నారు. "ఆ రోజునుంచీ ఒక్క కునుకు లేదు."

"తెలుసు."

"మరి గురక?"

"బాగానే పెట్టారులెండి."

మామయ్య పరుపు గుడ్డని గుప్పిట్లో పట్టుకుని నలిపారు. "ఎంతమందికి చెప్పానే, ఆయన చేతిలో ఉన్నాం పడుకోండని! నా దాకా వచ్చేసరికి కళ్ళు మూస్తే చాలు, నువ్వు లేని ఇల్లు కనిపిస్తోంది. నా నమ్మకం ఇంతేనా? ఇన్నాళ్ళూ నాకేం కాలేదు కాబట్టి నిద్రపోయానా?"

అత్తయ్య కష్టం మీద మోచేతి మీదకి లేచారు. "ఇలా చూడండి. ఆ పడవలో పడుకుంది ప్రభువు ఒక్కడే. మిగిలినవాళ్ళంతా మీలాగే గోలపెట్టారు. ఆయన కోప్పడ్డాడు, నిజమే. అలాగని భయపడ్డవాళ్ళలో ఒక్కడినైనా నీళ్ళలోకి దింపేశాడా? అందరినీ అదే పడవలో అవతలి ఒడ్డుకి చేర్చాడు. మీరు ఇన్నేళ్ళూ తలగడ దగ్గరే ఆగిపోయారు. కథ ఇంకా ఉంది."

మామయ్య తెగిన టార్పాలిన్ అంచు పట్టుకుని, అత్తయ్య మీద తడి పడకుండా రెండు చేతులతో ఎత్తి నిలబడ్డారు.

"ఇక నన్ను కాసేపు పడుకోనివ్వండి" అన్నారు అత్తయ్య, మళ్ళీ వాలుతూ. "పరుపు బాగా కుదిరింది."

మా ఆయన నడుంలోతు నీళ్ళలో దిగి తోశారు. దారినపోయే నలుగురు చెయ్యి వేశారు. ఇంజను అందుకుంది. వాన మాత్రం తగ్గలేదు. మేం ఆస్పత్రి చేరినా తగ్గలేదు, ఆ మర్నాడు కూడా తగ్గలేదు. తగ్గిందని చెబితే కథ బాగుంటుంది కానీ, లేదు.

ఆస్పత్రిలో అత్తయ్యని చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. మా ఆయన తడి బట్టలతో నిలబడి నసిగారు. "నాన్నా, పరుపులు..."

"వెళ్ళు. పైన తడిసినవి ఉంచేసి, మిగతావి హాస్టల్లో ఇచ్చేసి రా."

"అవి పాసు కాలేదు కదా?"

"మీ అమ్మ పడుకుందిరా వాటి మీద" అన్నారు మామయ్య. "ఇలాంటి రోజున. ఇంకేం కావాలి?"

నేనూ మామయ్యా బల్ల మీద కూర్చున్నాం. ఆయన చేతులు గుండెల మీద పెట్టుకోబోయి, మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. "ప్రభువా, నాకు చాలా భయంగా ఉంది. మా ఆవిడని నీ చేతిలో పెట్టాను. నీ ఇష్టం. ఆమెన్" అన్నారు. ఆ ఇంటికి వచ్చాక ఆయన నోట ఆమెన్ వినడం నాకు అదే మొదటిసారి.

ఎదురుగా గోడ వార ఒకావిడ ఒంటరిగా నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళదాకా బురద. ముందురోజు వానకి గోడ కూలి భర్త మీద పడిందట, ఆయన్ని కూడా లోపలికి తీసుకెళ్ళారట. వెంట ఎవరూ లేరు. మామయ్య ప్రార్థన వినపడినట్టుంది, మావైపే చూస్తోంది.

నేను లోపల్లోపల సిద్ధపడ్డాను. ఇప్పుడు ఈయన ఆవిడకి, ఏం భయంలేదమ్మా, ఆయన మేలుకునే ఉన్నాడుగా అని మొదలుపెడతారు.

"మీకూ భయంగా ఉందా పెద్దాయనా?" అని ఆవిడే అడిగింది.

"ఉందమ్మా. మీకు?"

"ప్రాణం పోతున్నట్టుంది."

మామయ్య బల్ల మీద పక్కకి జరిగారు. "అయితే రండమ్మా, ఇలా కూర్చోండి. ఇద్దరం కలిసి భయపడదాం. నా సంగతి ప్రభువుకి చెప్పాను. మీరు చెప్పమంటే మీవారి సంగతి కూడా చెబుతాను."

ఆవిడ వచ్చి కూర్చుంది. మామయ్య ఆవిడ భర్త గురించి ఒక్కొక్కటే అడిగారు, ఏం పని చేస్తాడు, కోపిష్టా, పిల్లలు ఎంతమంది అని. ఆవిడ చెబుతూ ఏడ్చింది. ఆయనా ఏడ్చారు. మధ్యలో, మావారు కోపిష్టి కాదండీ కానీ గోడ కట్టడం మాత్రం రాదు, నేను చెబుతూనే ఉన్నాను అని ఆవిడ అన్నప్పుడు ముగ్గురం నవ్వాం. నేను వెళ్ళి టీ తెచ్చాను. ఎవరూ తాగలేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ బయటికి వచ్చారు. మా పక్కనున్న ఆవిడా మామయ్యా ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"పరుపులవారూ" అన్నారు డాక్టరమ్మ. "గడ్డ తీసేశాం. చూడ్డానికి మంచిదిలాగే ఉంది, అయినా పరీక్షకి పంపిస్తాం. మనిషి బాగుంది, మాట్లాడుతోంది కూడా. ఒక్కరు వెళ్ళి చూడొచ్చు."

మామయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. తలుపువైపు గబగబా నాలుగడుగులు వేశారు. గడప దగ్గర ఆగి వెనక్కి చూశారు. ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది. డాక్టరమ్మ ఆవిడకి ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఇంకా ఏమీ లేదు.

"అమ్మాయ్, నువ్వు వెళ్ళు" అన్నారు మామయ్య.

"నేనా? మీరు వెళ్ళండి మామయ్యా!"

"వస్తున్నానని చెప్పు. ఈవిడ మనిషి ఇంకా లోపలే ఉన్నాడు."

ఆయన తిరిగి వెళ్ళి ఆ బల్ల మీద, అదే చోట కూర్చున్నారు.

లోపల అత్తయ్య మొహం పాలిపోయి ఉంది. పెదాలు ఎండిపోయాయి. కళ్ళు సగం తెరిచి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని వెతికారు. "ఆయనేరే?"

"బయటే ఉన్నారత్తయ్యా. ఒకావిడ భర్తకి ఇంకా ఏమీ తెలియలేదు. ఆవిడ ఒక్కతే ఉంది. మామయ్య ఆవిడతో కలిసి కూర్చుని భయపడుతున్నారు."

అత్తయ్య కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ నిద్రపోయారనుకున్నాను.

"ముప్పై ఏళ్ళనుంచి వింటున్నాను ఆయన ప్రసంగాలు" అన్నారు చివరికి. "ఇవాళ కుదిరింది ఒకటి."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ముక్కు ఎగబీల్చాను.

"నవ్వకే" అన్నారు అత్తయ్య కళ్ళు మూసుకునే. "నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తుంది. కడుపు లాగుతోంది."

నేను నవ్వడం లేదు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు కదా, ఆవిడకి తెలియలేదు.